పెట్టె తెరవమన్న అమ్మ, టిక్కు పెట్టిన అమ్మ

మా వాడి స్కూలు నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఎనిమిదో తరగతి సోషల్ క్లాసులో ఎమ్మెట్ టిల్ గురించి చెప్పబోతున్నారు. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్ళు చంపేసిన పద్నాలుగేళ్ళ నల్లపిల్లాడు. అప్పట్లో పత్రికల్లో వచ్చిన అతని శవం ఫోటో కూడా చూపిస్తారు. చూసి తట్టుకోవడం కొందరికి కష్టం కావచ్చు, మీ పిల్లలకు వద్దనుకుంటే కింద గడిలో టిక్కు పెట్టి పంపండి అని. నేను ఆ ఫోటో ఫోన్‌లో వెతికి చూశాను. ఫోన్ బోర్లా పెట్టేశాను. మళ్ళీ తీసి టిక్కు పెట్టి పంపేశాను. వాణ్ణి అడగలేదు, వాళ్ళ నాన్నకు చెప్పలేదు. స్కూలుకు ఏడాదికి ఎన్ని ఫారాలు నింపుతాం, అందులో ఇదొకటి అనుకున్నాను.

ఆ రోజు వాణ్ణి లైబ్రరీలో కూర్చోబెట్టారట, నాలాంటి అమ్మలున్న ఇంకో ఇద్దరు పిల్లలతో. ఇంటికి రాగానే బ్యాగు సోఫా మీదకు విసిరేశాడు.

"వాళ్ళమ్మే అందరినీ చూడమంది కదా! వద్దనడానికి నువ్వెవరు?"

కోపం వస్తే మా వాడి తెలుగు ఎక్కడలేని స్పష్టంగా వస్తుంది, అదేమిటో. నువ్వింకా చిన్నపిల్లాడివిరా అన్నాను. "ఎమ్మెట్‌కి పద్నాలుగు. నాకంటే ఒక్క ఏడాదే పెద్ద" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టి, పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది అన్నాను. జవాబు లేనప్పుడు మా అమ్మ కూడా ఇదే అనేది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ టిక్కు తప్పని నాకు ఇప్పటికీ పూర్తిగా అనిపించడం లేదు. పదమూడేళ్ళ పిల్లాడు ఆ ముఖం చూడాలా అంటే, నాకింకా చేయి వెనక్కే వస్తుంది. కానీ "వాళ్ళమ్మ" అన్న మాట మాత్రం వదల్లేదు. తెల్లవాళ్ళకు బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ తెలుసు, మార్టిన్ లూథర్ కింగ్ తెలుసు. జనవరిలో ఆయన పేరు మీద సెలవిస్తే పడుకుంటాం కూడా. ఈ అమ్మ ఎవరో మాత్రం, ఇన్నాళ్ళుగా షికాగో పక్కనే ఉంటూ, నాకు తెలియదు. అందుకే ఆమె గురించి చదవడం మొదలుపెట్టాను.

మేమీ టిల్. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుని మేమీ టిల్ మోబ్లీ అయింది. మిసిసిపీలోని వెబ్ అనే చిన్న ఊరి దగ్గర 1921లో పుట్టింది. ఆమె పసిపిల్లగా ఉండగానే కుటుంబం ఉత్తరానికి వలస వచ్చింది, షికాగోను ఆనుకుని ఉన్న ఆర్గోకి. అక్కడి మొక్కజొన్న ఫ్యాక్టరీలో నాన్నకు పని. మిడ్‌వే ఎయిర్‌పోర్టుకు ఎవరినైనా దింపడానికి వెళ్తూ స్టీవెన్సన్ హైవే మీద ఒకచోట మేం కారు అద్దాలు ఎత్తేసుకునే వాసన ఉంటుంది చూశారూ, అది ఆ ఫ్యాక్టరీదే. ఆమె తల్లి ఆల్మా ఇల్లు మిసిసిపీ నుంచి వచ్చేవాళ్ళకు సత్రంలా ఉండేదట. ఎవరు దిగినా ముందు అక్కడే దిగడం, పని దొరికేదాకా తినడం, పడుకోవడం. ఇది చదివినప్పుడు మా ఆయన మొదటి ఉద్యోగం రోజులు గుర్తొచ్చాయి. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటు, హాల్లో వరసగా పరుపులు, తలుపు దగ్గర చెప్పుల గుట్ట. వలస వచ్చినవాళ్ళం మనమొక్కళ్ళమే అన్నట్టు మాట్లాడుతుంటాం. వాళ్ళూ వలస వచ్చినవాళ్ళే. కాకపోతే మనం వచ్చింది జీతానికి, వాళ్ళు వచ్చింది ప్రాణానికి కూడా.

ఎమ్మెట్ ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. చిన్నప్పుడు పోలియో వచ్చి తగ్గింది, నత్తి మాత్రం మిగిలింది. మాట అడ్డుపడినప్పుడు ఒక ఈల వేసి మళ్ళీ మొదలుపెట్టమని తల్లే నేర్పిందట. తల్లి ఉద్యోగానికి వెళ్తే ఇల్లు ఊడ్చి, వంట చేసి పెట్టే పిల్లాడు. 1955 ఆగస్టులో మేమీ సెలవు పెట్టి కొడుకును కార్లో ఒమాహా తీసుకెళ్దామనుకుంది. వాడు ససేమిరా అన్నాడు. మిసిసిపీ నుంచి మోజ్ రైట్ తాతయ్య వచ్చాడు, బంధువుల పిల్లలందరూ ఆయనతో వెళ్తున్నారు, నేనూ వెళ్తానని పేచీ. దారిలో కారు నడపడం నేర్పిస్తానని కూడా ఆశపెట్టింది పాపం. ఊహూఁ. చివరికి తల్లే ఒప్పుకుంది.

బయల్దేరే ముందు ఆమె కొడుకును కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. అక్కడ ఇక్కడిలా ఉండదు. తెల్లవాళ్ళు పలకరిస్తే తప్ప నువ్వు పలకరించకు. తెల్లావిడ ఎదురొస్తే దారి వదిలి పక్కకు దిగు, తల దించుకో, ముఖంలోకి చూడకు. మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడగాల్సి వస్తే అడుగు. పిల్లాడు మరీ అంత ఘోరంగా ఉండదులే అమ్మా అంటే, అంతకంటే ఘోరంగా ఉంటుంది అందట.

అది చదువుతుంటే నాకు నా గొంతే వినిపించింది. షాపులో జేబుల్లో చేతులు పెట్టుకోకురా. హుడీ తల మీదకు లాక్కోకు. ఎవరైనా ఏమైనా అంటే నవ్వేసి వచ్చెయ్. పోలీసు కనిపిస్తే పరిగెత్తకు, ఏమీ చేయకపోయినా సరే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లను 'మా దేశం నుంచి పొండి' అంటూ కాల్చి చంపినప్పుడు, ఆయన భార్య సునయన మేమిక్కడివాళ్ళమేనా అని అందరి ముందూ అడిగింది. ఇక్కడ మేమేం చేశాం? ఇండియా నుంచి ఫోన్ల మీద ఫోన్లు. బయట తెలుగులో మాట్లాడకండి, గట్టిగా నవ్వకండి అని. నేను ఆ మాట పట్టుకుని, కాస్ట్‌కోలో బండి మీద కూర్చుని "అమ్మా, అదీ" అని అరుస్తున్న మా వాడి నోరు మూశాను. వాడికప్పుడు అయిదేళ్ళు. ఇప్పుడు వాడికి తెలుగు రావడం లేదని ఆదివారం తెలుగు బడికి ఫీజు కడుతున్నది కూడా నేనే.

పిల్లాడికి జాగ్రత్తలు చెబితే నా బాధ్యత తీరిందని ఎప్పుడూ ఒక ధీమా ఉండేది. మేమీ నాకంటే శ్రద్ధగా చెప్పింది. ఆగస్టు 20న రైలెక్కించింది. 24న మనీ అనే పల్లెలో బ్రయంట్ కొట్లోకి పిల్లాడు బబుల్‌గమ్ కొనుక్కోవడానికి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర ఉన్న తెల్లావిడతో ఏం జరిగిందన్నది తర్వాత రకరకాలుగా చెప్పుకున్నారు. బయటకు వచ్చాక ఈల వేశాడని వెంట ఉన్న బంధువుల పిల్లలు అన్నారు. 28 తెల్లవారుజామున ఆవిడ భర్త రాయ్ బ్రయంట్, అతని అన్న మైలమ్ తుపాకీతో మోజ్ రైట్ ఇంటికి వచ్చి, మంచం మీద నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి తీసుకెళ్ళారు. 31న టాలహాచీ నదిలో శవం తేలింది. మెడకు ముళ్ళతీగతో పత్తి జిన్నింగు మిల్లు ఫ్యాన్ కట్టి ఉంది. ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. తండ్రిదైన ఉంగరం వేలికి ఉంది, దాని మీద ఎల్.టి. అని అక్షరాలు. దాన్ని బట్టి పోల్చారు.

అక్కడి షెరిఫ్ ఆ రోజే పూడ్చేయమన్నాడు. గొయ్యి తవ్వడం మొదలైంది కూడా. షికాగోలో ఫోన్ పట్టుకుని కూర్చున్న ఈమె ఆ పూడ్చడాన్ని ఆపించింది. నా కొడుకును నాకు పంపండి, అంతే. పంపారు, కానీ పెట్టె తెరవకూడదన్న షరతు మీద, సీలు వేసి. సెప్టెంబరు 2న రైలు వచ్చింది. స్టేషన్లో ఆమె కూలబడి ఏడుస్తున్న ఫోటో ఉంది. ధైర్యవంతురాలు అన్న మాట విని నేను వేరే మనిషిని ఊహించుకున్నాను. ఆ ఫోటోలో ఉన్నది నిలబడలేని మనిషి.

అంత్యక్రియల పని చూసే రేనర్, తెరవనని సంతకం పెట్టానమ్మా అన్నాడు. నేనేమీ సంతకం పెట్టలేదు, సుత్తి ఇవ్వండి నేనే తెరుస్తాను అంది. తెరిచారు. ఆమె కళ్ళు పాదాల దగ్గర మొదలుపెట్టాయి. పాదాలు, చీలమండలు, మోకాళ్ళు, అలా పైకి. స్నానం చేయించిన ఒళ్ళు, దెబ్బలకు మందు రాసిన ఒళ్ళు. తల దగ్గరకు వచ్చేసరికి అక్కడ తెలిసినదంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. ఒక్కో భాగమే చూసుకుంటూ, ఇది నా కొడుకే అని తేల్చుకుంది. ఈ పేజీ దగ్గర నేను లేచి వెళ్ళి మా వాడి గది తలుపు తీసి చూసి వచ్చాను. దుప్పటి బయటకు వచ్చిన పాదాలు, ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే పెద్దవి. బూట్ల సైజు మళ్ళీ మారిందన్నమాట అనుకున్నాను. భయం వేసినప్పుడు కూడా అమ్మలకు బూట్లు కొనాల్సిన సంగతే గుర్తొస్తుంది.

ముఖం కాస్త సరిచేయనా అని రేనర్ అడిగాడు. వద్దంది. నేను చూసింది లోకమంతా చూడాలి అంది. పెట్టె మూతకు లోపలివైపు ఎమ్మెట్ బతికున్నప్పటి క్రిస్మస్ ఫోటోలు అంటించారు. కొత్త సూటు, టై, నవ్వుతున్న పిల్లాడు. కింద అద్దం వెనక శవం. స్టేట్ స్ట్రీట్ మీద రాబర్ట్స్ టెంపుల్ చర్చిలో పెట్టి తలుపులు తెరిచారు. మొదట ఒక్కరోజే అనుకున్నది, జనం ఆగకపోవడంతో సెప్టెంబరు 6 దాకా సాగింది. పదివేల లెక్కలో వచ్చారు. వరసలో నడుస్తూ నడుస్తూ పడిపోయినవాళ్ళున్నారు. డేవిడ్ జాక్సన్ తీసిన ఫోటోలు జెట్ పత్రికలో వచ్చాయి. నల్లవాళ్ళ ఇళ్ళలో ఆ పత్రిక చేతులు మారింది, పిల్లల చేతుల్లోకి కూడా వెళ్ళింది. ఆ పిల్లలే అయిదారేళ్ళ తర్వాత తెల్లవాళ్ళకే అన్న లంచ్ కౌంటర్ల ముందు కూర్చుని, లేచేది లేదన్న పిల్లలు. వాళ్ళ అమ్మలెవరికీ టిక్కు పెట్టే గడి ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత సమ్నర్ అనే ఊళ్ళో విచారణ. ఆ ఊరి బోర్డు మీద 'మగపిల్లాణ్ణి పెంచడానికి మంచి ఊరు' అని రాసి ఉండేదట. కల్పించి రాస్తే అతిగా ఉందనేవాళ్ళం. మేమీ షికాగో నుంచి ఆ కోర్టుకు వెళ్ళింది. వెళ్ళకపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ శవం నీ కొడుకుదేనని ఎలా చెప్పగలవు అని అడిగారు. కొడుకు పేరు మీద ఎంత ఇన్సూరెన్స్ ఉంది అని అడిగారు. పిల్లాడు పోయి నెల కాలేదు. మోజ్ రైట్ లేచి నిలబడి, తెల్లవాళ్ళతో నిండిన కోర్టులో మైలమ్ వైపు వేలు చూపించాడు. ఆ తర్వాత ఆ ముసలాయన పత్తి చేనును వదిలేసి ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. పన్నెండుగురు జ్యూరీ, అందరూ తెల్లవాళ్ళు, అందరూ మగవాళ్ళు. 67 నిమిషాల్లో నిర్దోషులన్నారు. మధ్యలో కూల్‌డ్రింకు తాగకపోతే అంత సేపు కూడా పట్టేది కాదని అందులో ఒకడు అన్నాడు. మేమీ తీర్పు వినడానికి కూర్చోలేదు, ముందే లేచి వెళ్ళిపోయింది. మరుసటి జనవరిలో ఆ ఇద్దరూ ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకుని, అవును మేమే చంపాం అని చెప్పేశారు. ఒకసారి విడుదలయ్యాక అదే నేరానికి మళ్ళీ విచారించడానికి చట్టం ఒప్పుకోదు.

నాకు కోర్టు కంటే ఆ తర్వాతి సంగతి ఎక్కువ పట్టుకుంది. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కు టెలిగ్రామ్ ఇచ్చింది, జవాబు రాలేదు. ఊరూరా తిరిగి మాట్లాడింది. మాట్లాడినందుకు ఇచ్చే డబ్బు దగ్గర పేచీ వచ్చి, కొడుకు చావును సొమ్ము చేసుకుంటోందన్న మాట పడింది. ఆ తర్వాత కాలేజీకి వెళ్ళి 1960లో డిగ్రీ తెచ్చుకుని, షికాగో స్కూళ్ళలో టీచరయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఇంకొకరి పిల్లలకు పాఠాలు చెప్పింది. కింగ్ ప్రసంగాలు పిల్లలతో కంఠస్థం చేయించి స్టేజీ ఎక్కించింది. 2003 జనవరిలో పోయింది. హత్యకు పాల్పడ్డవాళ్ళలో ఒక్కరికీ శిక్ష పడటం చూడలేదు. మూకదాడి హత్యను దేశమంతటా నేరం చేస్తూ ఎమ్మెట్ పేరు మీద చట్టం వచ్చింది 2022లో. తల్లీకొడుకుల పేర్ల మీద ఆ చర్చినీ, ఆ కోర్టునీ, నది ఒడ్డునూ జాతీయ స్మారకంగా ప్రకటించింది 2023లో. అదే ఏడాది ఆర్గోలో ఆమె చదివిన హైస్కూలు ముందు ఆమె విగ్రహం పెట్టారు. మనం అద్దాలు ఎత్తుకుని పోయే చోటికి దగ్గర్లోనే.

ఇక్కడ మా ఆయన చేరాడు. 1955 డిసెంబరులో బస్సులో సీటు వదలనన్నప్పుడు తన మనసులో ఎమ్మెట్ ఉన్నాడని రోజా పార్క్స్ చెప్పింది కదా, అక్కడి నుంచి 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం, అదే ఏడాది వలస చట్టం. అంతకుముందు ఇండియా మొత్తానికి ఏడాదికి ఇచ్చే కోటా వంద. ఆ చట్టం మారకపోతే మా పెదమామయ్య డాక్టరుగా ఈ దేశంలో దిగేవాడు కాదు, ఆయన లేకపోతే మేమెవరం లేము. "అంటే ఆమె పెట్టె తెరవబట్టి మనం ఇక్కడ ఉన్నామన్నమాట" అని తేల్చేశాడు. అంత తిన్నగా గీత గీయడానికి లేదని నాకు తెలుసు, మధ్యలో ఎందరో ఉన్నారు. కానీ మన సంఘాల వేదికల మీద, కష్టపడి పైకొచ్చాం, ఎవరి దయా లేదు అన్న ప్రసంగాలు విని చప్పట్లు కొట్టిన చేతులు నావి. వేడిగా కాఫీ ఇచ్చి ఊరుకున్నాను.

చదివిన పుణ్యానికి ఒక శనివారం మా వాణ్ణి ఆ చర్చి చూపిస్తానన్నాను. ఫోటో వద్దన్న దానికి బదులు ఇదన్నమాట, నా బేరం. డౌన్‌టౌన్‌కు ఇండియా నుంచి వచ్చినవాళ్ళందరినీ తీసుకెళ్ళాను. ఆ ఎత్తు భవనాలు, ఆ గింజ ఆకారపు శిల్పం, సరస్సు. దానికి దక్షిణంగా కొన్ని మైళ్ళలోనే ఈ చర్చి. 'అటు వెళ్ళకండి' అని ఇన్నేళ్ళుగా చుట్టాలకు చెబుతున్నది నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే ఆ వైపే. హైవే దిగి స్టేట్ స్ట్రీట్ ఎక్కగానే, ఆలోచించకుండానే, నా వేలు డోర్ లాక్ మీదకు పోయింది. టక్ మని శబ్దం. వెనక సీట్లో వాడు ఏమీ అనలేదు. చర్చి మూసి ఉంది. బయట బోర్డు చదివాం, ఒక పెద్దాయన కుక్కతో వెళ్తూ మాకు గుడ్ మార్నింగ్ చెప్పాడు. తిరిగి వస్తుంటే అన్నాడు వాడు: "నేను విన్నాను, అమ్మా." ఏమిటి విన్నావని అడగలేదు.

పిల్లలకు ఇలాంటి విషయాలు ఎలా చెప్పాలని స్నేహితురాళ్ళు అడిగితే ఇదివరకు గబగబా చెప్పేదాన్ని. పక్కన కూర్చుని చూడండి, వాళ్ళ ప్రశ్నలు విన్నాకే మాట్లాడండి, మీకు తెలియకపోతే తెలియదనండి అని. ఇప్పుడూ అదే చెబుతాను. కానీ ఆ డోర్ లాక్ గురించి ఏ సలహాలో పెట్టాలో తెలియడం లేదు. నోటితో నేర్పిన దానికంటే వేలితో నేర్పింది వాడికి ముందు అందింది.

ఆ తర్వాత వాడు అడగవలసిందే అడిగాడు. "మీ ఊళ్ళో ఇలాంటివి లేవా?"

మాది తెనాలి. సినిమా రచయిత బుర్రా సాయిమాధవ్, నాటకాలు, ఆంధ్రా ప్యారిస్ అంటూ గొప్పలు చెప్పే ఊరు. అక్కడి నుంచి బాపట్ల వైపు రైలెక్కితే చుండూరు వస్తుంది. ఒక సినిమా హాల్లో దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోని అగ్రకులం అబ్బాయికి తగిలిందన్న గొడవతో మొదలైంది. కాలు తగలడం, ఈల వేయడం. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను పొలాల్లో తరిమి తరిమి నరికారు. ఎనిమిది మంది. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో పడేశారు. మిగిలినవాళ్ళు ఆ శవాలను దూరంగా ఎక్కడో పూడ్చనివ్వలేదు. ఊరి మధ్యలోనే పూడ్చుకుని ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది.

నాకప్పుడు పదేళ్ళు. మా నాన్న పేపరు మడిచి బీరువా మీద పెట్టేశారు. ఇంట్లో 'ఆ గొడవ' అనేవారు. మా వీధిలో ఏడుపు వినిపించలేదు. ఎందుకంటే మేం గోనెసంచుల్లో ఉన్నవాళ్ళ వైపు మనుషులం కాదు.

దీన్ని పిల్లాడికి చెప్పడం దగ్గరే ఆగిపోయాను. ఎమ్మెట్ కథలో వాడు తనను ఎమ్మెట్ పక్కన నిలబెట్టుకున్నాడు. ఒంటి రంగు చూసి స్కూల్లో ఒకడు ఏదో అన్నాడని ఏడ్చిన పిల్లాడు, అలా నిలబెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. నాకూ అది హాయిగానే ఉంది. షికాగోలో వాడు గోధుమరంగు పిల్లాడు. తెనాలిలో రైలు దిగితే వాడి ఇంటిపేరు విని కుర్చీ వేస్తారు. ఈ రెండోది వాడికి ఎవరు చెప్పాలి? 2016లో రోహిత్ వేముల పోయాక వాళ్ళమ్మ రాధిక రోడ్డెక్కినప్పుడు, మా వాట్సాప్ గ్రూపులో వాదన అంతా ఆవిడ కులం సర్టిఫికెట్ మీదే జరిగింది. కొడుకు పోయిన తల్లిని కాగితాలు అడిగారు. సమ్నర్‌లో ఇన్సూరెన్స్ అడిగినట్టే అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఆ గ్రూపులో నేనేమీ రాయలేదు. సంక్రాంతి ముగ్గు ఫోటో పెట్టినట్టు గుర్తు.

మొత్తానికి చుండూరు సంగతి చెప్పాను, కాస్త మెత్తగా చేసి, సంచుల మాట దాటేసి. వాడు ఇంటర్నెట్‌లో మిగతాది చదువుకున్నాడు. ఇప్పుడు తెలుగు బడిలో 'మా అమ్మ పుట్టిన ఊరు' అని వ్యాసం రాయాలట, చుండూరు గురించే రాస్తానంటాడు. తెనాలి రామకృష్ణుడి గురించి రాసుకోరా, మార్కులు కూడా వస్తాయి అన్నాను. మేమీ టిల్ గురించి రాత్రిళ్ళు కళ్ళు తుడుచుకున్న మనిషిని, ఈ మాట నా నోటినుంచే వచ్చింది. పాఠం చెప్పే ఆవిడ మా గుంటూరు వైపు మనిషే, నెలకోసారి కలిసి భోంచేస్తాం. రేపు ఆవిడ ముఖం ఎలా చూడాలి అన్నది నా మొదటి టెన్షన్. కాబట్టి ధైర్యం గురించి నాకు పాఠాలు చెప్పే హక్కు ఏపాటిదో మీరే చూడండి.

వ్యాసానికి తాతయ్యను ఇంటర్వ్యూ చేయాలట. "తాతయ్యకు అప్పుడు తెలుసా? ఏం చేశాడు?" ఇవీ ప్రశ్నలు, కాగితం మీద రాసుకున్నాడు కూడా. తాతయ్యకు బీపీరా అన్నాను. ముందు నేను మాట్లాడి చూస్తానని నాన్నకు ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పులు అడిగాను, ఎండలు అడిగాను, పక్కింటివాళ్ళు కడుతున్న మూడో అంతస్తు గురించి ఆయన చెప్పింది విన్నాను. పేపరు బీరువా మీద ఎందుకు పెట్టారు నాన్నా అని గొంతు దాకా వచ్చింది. మందులు టైముకు వేసుకుంటున్నారా అని పెట్టేశాను.

ఆదివారం వీడియో కాల్‌లో మా వాడే అడుగుతాడట. వాడి పక్కన కూర్చోవాలా, పొయ్యి మీద ఏదో ఉందని వంటింట్లోకి లేచి పోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.